పట్టు దొరకని మనిషి



మా జూడో మాస్టారు మాకు మొదటి మూడు నెలలూ పడటమే నేర్పారు. వెల్లకిలా పడటం, పక్కకు పడటం, ముందుకు దొర్లి లేవటం. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, అరచేత్తో నేలను చాచి కొట్టాలి. గడ్డం ఆనిస్తే తల నేలకు తగలదు, చేత్తో కొడితే పడిన దెబ్బ చేతికి పోతుంది. హైస్కూలు వెనక రేకుల షెడ్డు, గోనె సంచుల్లో కుక్కిన వడ్ల ఊక, దాని మీద బిగించిన టార్పాలిను. మా జూడో హాలు అంతే. జూడోగి, అంటే జూడో ఆడే దుస్తులు, కొనే స్తోమత మాలో ఎవరికీ లేదు. బజారులో టైలరు చేత ముతక కోరా గుడ్డ రెండు పొరలుగా కుట్టించేవారు. మెడ పట్టీ మాత్రం నాలుగు పొరలు వెయ్యమనేవారు. "ప్రాణమంతా అక్కడే ఉందిరా" అనేవారు. జూడోలో ఎదుటివాడి మెడ పట్టీ, చేతి అంచు దొరికితేనే ఆట మొదలవుతుంది. పట్టు దొరక్కపోతే ఎంతటి బలం ఉన్నా దండగే.

ఈ ఉపన్యాసానికి అంశం నన్నే ఎంచుకోమన్నారు. నేనొక జపాన్ యోధుడి గురించి మాట్లాడదలిచాను. పేరు అకియామా యోషిహిరో. ఆయనకు ఇంకో పేరుంది, చూ సంగ్‌హూన్. కొరియాలో ఆ పేరుతోనే పిలుస్తారు. మాస్టారితో నేను చివరిసారి కూర్చుని మాట్లాడింది ఈయన గురించే. ఆ మాట చివర చెబుతాను.

ఒసాకా నగరంలో ఇకునో అని ఒక వార్డు ఉంది. జపాన్‌లో కొరియన్లు ఎక్కువగా ఉండే చోట్లలో అది పేరున్నది. కొరియా 1910 నుంచి 1945 దాకా జపాన్ ఏలుబడిలో ఉంది. 1920ల్లో కొరియాకు దక్షిణాన ఉన్న జెజు దీవి నుంచి ఒసాకాకు నేరుగా ఓడ నడిచేది. ఫ్యాక్టరీ కూలికి వచ్చినవాళ్ళు అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. యుద్ధం అయిపోయింది. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందం అమల్లోకి రావడంతోనే వాళ్ళ జపాన్ పౌరసత్వం పోయింది. జపాన్ చట్టంలో పౌరసత్వం తల్లిదండ్రులను బట్టి వస్తుంది, పుట్టిన నేలను బట్టి రాదు. అందుకని మనవలు, మునిమనవలు కూడా చాలామంది అదే వీధిలో పుట్టి, అదే బడిలో చదివి, కాగితాల మీద పరాయివాళ్ళుగానే మిగిలారు. వాళ్ళను జైనిచి అంటారు, అంటే జపాన్‌లో ఉంటున్నవాళ్ళు. తరతరాలుగా ఉన్నవాళ్ళను ఇంకా 'ఉంటున్నవాళ్ళు' అనటం, ఆలోచిస్తే, మనసుకు కష్టంగా ఉంటుంది.

అకియామా 1975 జులై 29న ఆ ఒసాకాలోనే పుట్టాడు. జైనిచి కుటుంబంలో నాలుగో తరంవాడు. తండ్రి కూడా జూడో ఆడినవాడు. బిడ్డకు మూడేళ్ళ వయసులోనే జూడోగి తొడిగాడు. జైనిచి కుటుంబాల్లో చాలామంది బయట వాడుకోవడానికి ఒక జపాన్ పేరు పెట్టుకుంటారు. యుద్ధం తరవాత జపాన్ అంతా కొలిచిన కుస్తీ వీరుడు రికిదోజాన్ కొరియాలో పుట్టినవాడే. బతికున్నంత కాలం ఆ సంగతి జనానికి తెలియనివ్వలేదు. ఓడిపోయిన దేశం తన వీరుణ్ణి ఆయనలో చూసుకుంటుంటే, ఆయన తన సొంత పేరును దాచుకోవాల్సి వచ్చింది. 1963లో ఆయన పోయాడు. ఆ తరవాత పన్నెండేళ్ళకు పుట్టిన అకియామా దాచుకోవడానికి ఒప్పుకోలేదు. తరవాతి రోజుల్లో ఆయన బరిలోకి నడిచి వస్తుంటే తెల్ల జూడోగి ఒక భుజాన జపాన్ జెండా, రెండో భుజాన కొరియా జెండా ఉండేవి.

కిందై విశ్వవిద్యాలయంలో చదువు అయ్యాక 1998లో ఆయన కొరియాకు వెళ్ళాడు. జపాన్ పౌరసత్వం తీసుకుని జపాన్‌కే ఆడే దారి అప్పటికే తెరిచి ఉంది. అయినా కొరియా జెండా కింద ఒలింపిక్స్‌కు వెళ్ళాలన్నది కోరిక. బుసాన్ నగర జట్టులో చేరాడు. గెలుస్తున్నా, సందిగ్ధమైన పోటీల్లో తీర్పు మాత్రం ఎదుటివాడి వైపే పోతోందని ఆయనకు అనిపించింది. ఎంపికలో ఒక విశ్వవిద్యాలయం వర్గానిదే పైచేయి అని, ఆ వర్గంలో తను లేనని తరవాత కొరియా టీవీలో చెప్పుకున్నాడు. 2001లో ఉలాన్‌బాతర్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో 81 కిలోల తరగతిలో కొరియాకు స్వర్ణం తెచ్చాడు. అదే ఏడాది జపాన్ పౌరసత్వం తీసుకున్నాడు.

ఇక్కడ మాస్టారి సంగతి ఒకటి చెప్పాలి. ఆయన వయసులో ఉన్నప్పుడు రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యారు. పెట్టె సర్దుకున్నారు. బయల్దేరే ముందు రోజు రాత్రి జాబితాలో పేరు మారింది. ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. అమ్మగారు మాత్రం ఒకసారి అన్నారు, ఆ పెట్టె నెల రోజుల దాకా విప్పలేదని. అందుకే అకియామా కొరియా వదిలి వెళ్ళటాన్ని కొందరు ద్రోహం అన్నప్పుడు నేను ఆ మాటను మింగలేకపోయాను. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగినవాడి బాధ ఏమిటో మా మాస్టారి ఇంట్లో అటక మీద ఉన్న ఆ రేకు పెట్టెకు తెలుసు.

2002 ఆసియా క్రీడలు బుసాన్‌లోనే జరిగాయి. మూడేళ్ళు సాధన చేసిన ఊళ్ళోనే అకియామా జపాన్ జూడోగి వేసుకుని నిలబడ్డాడు. ఫైనల్లో ఎదురుగా ఉన్నవాడు కొరియా ఆటగాడు. అకియామా గెలిచాడు. ఒకే మనిషి ఏడాది తేడాతో రెండు దేశాలకు ఆసియా స్థాయి స్వర్ణాలు తెచ్చాడు. ఆ రోజు ఆ హాల్లో ఎవరి కోసం చప్పట్లు కొట్టాలో తెలియక ఎంతమంది చేతులు గాల్లో ఆగిపోయాయో అని నేను ఎన్నోసార్లు ఊహించుకున్నాను.

మరుసటి ఏడు ప్రపంచ చాంపియన్‌షిప్ ఒసాకాలో, సొంత ఊళ్ళో. అక్కడ ఆయన జూడోగి జారుతోందని, చేతికి పట్టు దొరకటం లేదని ప్రత్యర్థులు అభ్యంతరం చెప్పారు. వేరే జూడోగి తొడుక్కోవాల్సి వచ్చింది. పతకం రాలేదు, ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ జట్టులోనూ చోటు దక్కలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఈ జారుడు మాట మళ్ళీ వస్తుంది.

జూడో నుంచి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌కు (ఎంఎంఏకు), అంటే గుద్దులూ తన్నులూ పట్లూ అన్నీ చెల్లే పోరుకు, వెళ్ళినవాడు ఈయన ఒక్కడే కాదు. 1992 బార్సిలోనా ఒలింపిక్ విజేత యోషిదా హిదెహికో, 2000 సిడ్నీ విజేత తకిమోతో మకోతో, 2008 బీజింగ్ విజేత ఇషీ సతోషి అందరూ ఆ దారి పట్టారు. దారి ఇంకా పాతది. మహా జూడో వీరుడు కిమురా మసహికో 1951లో బ్రెజిల్ వెళ్ళి, అక్కడి యోధుడు హేలియో గ్రేసీని మరకానా స్టేడియంలో ఓడించాడు. అప్పుడు వేసిన, చెయ్యి మెలితిప్పే ఆ పట్టును ఇవాళ ప్రపంచమంతా ఆయన పేరుతోనే కిమురా అంటోంది. ఈ ఒలింపిక్ విజేతల పక్కన పెడితే అకియామా దగ్గర ఒలింపిక్ పతకమే లేదు. అయినా వాళ్ళందరికంటే జనం నోట ఎక్కువ కాలం నిలిచిన పేరు ఈయనదే.

జపాన్‌లో ఆ రోజుల్లో డిసెంబరు 31 రాత్రి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చునేవారు. ఎన్‌హెచ్‌కేలో వచ్చే పాటల పోటీ వాళ్ళకు ఏటేటా పండగ. దానికి ఎదురుగా ఇతర చానళ్ళు పెద్ద పెద్ద స్టేడియాల్లో పోరాటాలు పెట్టాయి. అకియామా ఎంఎంఏలో అడుగుపెట్టింది 2004 డిసెంబరు 31న, ఒసాకా డోమ్‌లో. ఎదురుగా ఫ్రాన్స్వా బోథా. మైక్ టైసన్‌తోనూ లెన్నక్స్ లూయిస్‌తోనూ బాక్సింగ్ రింగులో తలపడిన హెవీవెయిట్. అకియామా మొదటి రౌండులోనే బోథా చెయ్యి పట్టుకుని, నేల మీదికి దించి, మోచేతిని వెనక్కి వంచి లొంగదీశాడు. 2006 అక్టోబరులో మెల్విన్ మన్‌హూఫ్ అనే భయంకరమైన గుద్దుల మనిషిని ఇదే మోచేతి పట్టుతో ఓడించి, హీరోస్ అనే ఎంఎంఏ పోటీల్లో లైట్ హెవీవెయిట్ టోర్నమెంటు గెలిచాడు.

ఇక ఆ రాత్రి. 2006 డిసెంబరు 31, మళ్ళీ ఒసాకా. ఎదురుగా సకురాబా కజుషి. ఆయన అంటే జపాన్‌కు ప్రాణం. 2000లో రాయిస్ గ్రేసీతో తొంభై నిమిషాలు పోరాడి గెలిచినవాడు. అప్పటికి 37 ఏళ్ళు, ఒళ్ళంతా దెబ్బలు. సకురాబా కాలు పట్టుకోబోతే చెయ్యి జారింది. మళ్ళీ జారింది. "జారుతోంది" అని రిఫరీకి అరిచి చెప్పాడు. పోరు ఆగలేదు. అకియామా పైకెక్కి గుద్దుతూనే ఉన్నాడు. చివరికి రిఫరీ ఆపి అకియామా గెలిచాడన్నాడు. తరవాత విచారణ జరిగింది. బరిలోకి రాకముందు గదిలో ఆయన ఒంటికి క్రీము రాసుకుంటున్న దృశ్యం కెమెరాలో ఉంది. తన చర్మం పొడిబారుతుందని, అలవాటుగా రాసుకున్నానని, నిషేధమని తెలియదని ఆయన చెప్పాడు. క్షమాపణ అడిగాడు. గెలుపు రద్దయింది, పారితోషికం పోయింది, నిరవధికంగా నిషేధం పడింది.

దీన్ని నేను తేలిక చెయ్యను. మన తాలింఖానాల్లో గోదాలోకి దిగేవాడు మట్టి తీసి తన ఒంటికి రాసుకుంటాడు, ఎదుటివాడి భుజాల మీదా చల్లుతాడు. ఎందుకు? చెమటకు ఒళ్ళు జారకుండా, నా పట్టు నీకు దొరకాలి, నీ పట్టు నాకు దొరకాలి అని. అది మొదటి మర్యాద. ఎదుటివాడికి పట్టు దొరక్కుండా చేసుకున్నవాడు ఎంత బాగా పోరాడినా అది పోరు అనిపించుకోదు. అకియామా మనసులో ఏముందో మనకు తెలియదు. కానీ "జారుతోంది" అని ఒక పెద్ద ఆటగాడు అరుస్తుంటే విని కూడా గుద్దు ఆపకపోవటం ఉంది చూడండి, క్రీము కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే.

జపాన్‌లో ఆయన పేరు చెబితే 'నురునురు' అనేవారు, జిడ్డుగా జారేది అని అర్థం. పది నెలల తరవాత నిషేధం ఎత్తేశాక ఆయన తిరిగి వచ్చిన చోటు గమనించండి. సియోల్. 2007 అక్టోబరులో డెనిస్ కాంగ్‌ను మొదటి రౌండులోనే పడగొట్టాడు. ఒకప్పుడు తనకు తలుపు తెరవలేదని ఆయన అనుకున్న దేశమే ఆయనను అక్కున చేర్చుకుంది. ఆ డిసెంబరు 31న సైతామాలో మిసాకి కజువో చేతిలో ఓడిపోయాడు. అప్పుడు మిసాకి మైకు తీసుకుని, నువ్వు ఎంతోమందిని మోసం చేశావని ఆయన ముఖం మీదే అన్నాడు, ఇక మీదట నిజాయితీగా పోరాడమన్నాడు, ఆ వెంటనే జపనీయులు బలవంతులని జనానికి చాటాడు. ఆ చివరి మాట జపాన్ పౌరుడైన అకియామాను ఏ గట్టున నిలబెట్టిందో వేరే చెప్పక్కర్లేదు. కింద పడినవాడిని నిబంధనకు విరుద్ధంగా తన్నినట్టు తేలడంతో ఆ ఫలితమూ తరవాత రద్దయింది. ఒక ఏడు ఆయన చేసిన తప్పు వల్ల, మరో ఏడు ఎదుటివాడి తప్పు వల్ల. రెండు డిసెంబరు 31లు, రెండూ లెక్కలో లేని పోరాటాలే.

2008 ఫిబ్రవరిలో కొరియాలోని ఎంబీసీ చానల్ ముఖాముఖి కార్యక్రమంలో కూర్చున్నాడు. వచ్చీరాని కొరియన్‌లో మాట్లాడాడు. జపాన్‌లో కొరియన్ అన్నారు, కొరియాలో జపాన్‌వాడన్నారు, నేనెవరినని చెప్పుకోవాలి అన్న ధోరణిలో చెప్పుకొచ్చాడు. పాట పాడాడు. జనం కదిలిపోయారు. పోరాటాలు చూడని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు కూడా ఆయన పేరు పలకటం అప్పుడే మొదలైంది.

ఇక అమెరికాలోని ఎంఎంఏ సంస్థ యూఎఫ్‌సీ. 2009 జులై 11న లాస్‌వేగాస్‌లో జరిగిన నూరో యూఎఫ్‌సీలో అలన్ బెల్చర్‌తో. అకియామాకు ఒక కన్ను వాచి మూసుకుపోయింది. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఇద్దరు ఈయనకు ఇచ్చారు. ఆ తరవాత 2010 జులైలో క్రిస్ లెబెన్‌తో జరిగింది నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. లెబెన్ రెండు వారాల కిందటే ఒక పోరు ముగించుకుని, వేరొకరి బదులు వచ్చినవాడు. అకియామా మొదట జూడో విసుర్లతో ఆయన్ను నేలకు కొట్టాడు. తరవాత ఇద్దరూ నిలబడి గుద్దుకున్నారు. కాచుకోవడం మానేసి, ఒకడు కొట్టి చెయ్యి దించేలోగా ఇంకొకడు కొట్టాడు. మూడో రౌండుకు అకియామా ఊపిరి అయిపోయింది. అయినా పైనుంచి లెబెన్‌ను గుద్దుతూనే ఉన్నాడు. ఆట ముగియటానికి ఇంకా ఇరవై సెకన్లుందనగా, కింద ఉన్న లెబెన్ కాళ్ళు పైకి వచ్చి ఆయన మెడా చెయ్యీ కలిపి త్రికోణంలా బిగించాయి. లొంగిపోయాడు. చిన్ననాటి నుంచి నేల మీది పట్లు నేర్చినవాడు, నేల మీది పట్టుకే చిక్కాడు.

యూఎఫ్‌సీలో ఆయన మొదటి మూడు పోరాటాలకూ ఆ రాత్రికి మేటి పోరు బహుమతి వచ్చింది. లెబెన్ చేతిలో, లండన్‌లో బిస్పింగ్ చేతిలో ఓడినా బహుమతి మాత్రం దక్కింది. తరవాత బెల్‌ఫోర్ట్, షీల్డ్స్ చేతుల్లో ఓటమి. మొత్తం ఏడు పోరాటాల్లో గెలిచినవి రెండే. అంకెలు చూస్తే ఇది విఫలమైన ప్రయాణం. కానీ 2014లో టోక్యో పక్కనే సైతామాలో అమీర్ సదొల్లాను ఓడించినప్పుడు ఆ హాలు ఆయన కోసం చప్పట్లు కొట్టింది. ఆ రోజుకు ఎనిమిదేళ్ళ కిందట 'నురునురు' అన్న దేశమది.

ఈ జనాదరణకు ఇంకో పాయ ఉంది. 2009లో ఆయన యానో షిహో అనే మోడల్‌ను పెళ్ళాడాడు. 2011లో పాప పుట్టింది. పేరు సారాంగ్, కొరియన్ భాషలో ప్రేమ అని. 2013లో కేబీఎస్ చానల్లో 'ద రిటర్న్ ఆఫ్ సూపర్‌మ్యాన్' అనే కార్యక్రమం మొదలైంది. తల్లులు ఇల్లు విడిచి వెళితే తండ్రులు 48 గంటలు ఒంటరిగా పిల్లల్ని చూసుకోవాలి. మెడలు విరిచే చేతులు పాప జుట్టుకు జడ వెయ్యలేక తంటాలు పడుతుంటే కొరియా అంతా చూసింది. ఆయన తల్లిదండ్రుల ఒసాకా ఇల్లూ, వాళ్ళు మనవరాలిని ముద్దు చెయ్యటమూ అందులో కనిపించాయి. ఒసాకాలోని ఒక జైనిచి ఇంటి వంటగది కొరియా ఇళ్ళలోకి బంధువుల ఇల్లులాగా వచ్చేసింది. దౌత్యవేత్తల చర్చల కంటే ఆ పాప అన్నం తినే దృశ్యాలే రెండు దేశాలనూ దగ్గర చేశాయని నా నమ్మకం.

తెలుగువాళ్ళలో ఆయనను చూసినవాళ్ళు చాలామంది 2023లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఫిజికల్: 100' లో చూసి ఉంటారు. దేహదారుఢ్యం ఉన్న నూరుగురు పోటీదారుల్లో ఆయన ఒకడు, అప్పటికి 47 ఏళ్ళు. పాతికేళ్ళ కుర్రాళ్ళు ఆయన కనబడగానే నడుం వంచి నమస్కరించటం అక్కడ అందరూ చూశారు.

అంతకుముందు 2019లో వన్ చాంపియన్‌షిప్ అనే ఎంఎంఏ సంస్థ పోటీల్లో షాంఘైలో అగిలన్ తాని చేతిలో ఓడిపోయాడు. అగిలన్ మలేషియాలోని భారతీయ సంతతివాడు. ఆ పోరు రికార్డింగు చూసినప్పుడు మాస్టారు మన పిల్లవాడి గెలుపుకు సంతోషించారు, ఆ వెంటనే "ఆ పెద్దాయన ఎలా పడ్డాడో చూడు, తల నేలకు తగల్లేదు" అన్నారు.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వస్తాను. 2022 మార్చి 26, సింగపూర్. ఎదురుగా అవోకి షిన్యా. నేల మీది పట్లలో ఆయనకు సమానులు ఆసియాలో తక్కువ. అకియామాతో పోరాడతానని ఏళ్ళ తరబడి సవాలు విసురుతూ వచ్చాడు. అకియామాకు అప్పుడు 46 ఏళ్ళు. 77 కిలోల తరగతికి ఒళ్ళు దింపుకుని వచ్చాడు. చెంపలు లోపలికి పోయి ఉన్నాయి.

కొన్ని రోజుల తరవాత నేను మాస్టారింటికి వెళ్ళాను. ఆయన అప్పటికే మంచం మీద ఉన్నారు. ఫోనులో పెట్టి చూపించాను. మొదటి రౌండులో అవోకి వెనక నుంచి ఎక్కి, నడుముకు కాళ్ళు చుట్టి, మెడకు చెయ్యి వేశాడు. అకియామా పడలేదు. వీపు మీద మనిషిని మోసుకుంటూ, రెండు చేతులతో ఆ చేతిని పట్టుకుని నిలబడే ఉన్నాడు. నిమిషాలు గడుస్తున్నాయి. మాస్టారు దిండు మీంచి తల ఎత్తారు. గంట మోగింది. రెండో రౌండులో అవోకి మళ్ళీ పట్టు కోసం వంగితే అకియామా పిడికిలి కింద నుంచి లేచింది. రెండు నిమిషాలు నిండకముందే రిఫరీ ఆపేశాడు.

గెలుపు దృశ్యం వస్తుంటే మాస్టారు ఫోను నా చేతిలో పెట్టారు. "వెనక్కి తిప్పు" అన్నారు. మొదటి రౌండుకు తిప్పాను. "ఇంకా వెనక్కి" అన్నారు. అవోకి చెయ్యి మెడ మీద పడే చోట ఆపమన్నారు. కళ్ళద్దాలు పెట్టుకుని, తెర మీద వేలు ఆనించి చూపించారు. "గడ్డం చూడు. ఛాతీకి ఆనించాడు" అన్నారు.